ఒక్కమ్మ ఇంట బావలు లేరు

మా బావని నాకు కాకుండా చేసింది దేవుడూ కాదు, దెయ్యమూ కాదు. నేను రాసిన ఒకే ఒక్క వాక్యం. ఎవరో బలవంతపెడితే రాసింది కూడా కాదు, చదువుతుంటే చెవికి బాగుందన్న సరదాకి రాసింది. తెలివితక్కువ పని చేసేక ఒప్పుకోవడమే తెలివి అంటారు. నాకున్న ఆ కాస్త తెలివీ ఇక్కడే ఖర్చుపెట్టేసి మొదలుపెడతాను.

అనకాపల్లి స్టేషన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో నాకు ప్రింటింగ్ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఎవరైనా పోతే పెద్దకర్మ కార్డులు. కలిపే కార్డూ సాగనంపే కార్డూ ఒకే మిషన్ మీద వేస్తాను. ఇంకు కూడా ఒకటే, విశేషణాలే వేరు. ముప్పై ఏళ్లుగా అచ్చు వేస్తున్నాను, ముప్పై ఏళ్లుగా అచ్చుతప్పులూ వేస్తున్నాను. ఒకసారి 'వధువు' పేరుండాల్సిన చోట ఆ అమ్మాయి మేనత్త పేరు పడింది. ఆ కార్డు పుచ్చుకుని ఆ మేనత్త మాత్రం నన్ను ఇప్పటికీ దీవిస్తుంది.

మా బావ అంటే నా చెల్లెలి మొగుడు. బెల్లం మార్కెట్లో రుచి చూసే మనిషి. దిగిన దిమ్మల్లో ఒకదాని మూల గోటితో గిల్లి, నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, ఇది ఏ నేల చెరుకో, పెనం మీద ఎంతసేపు ఉడికిందో, ఎక్కడ అడుగంటిందో చెప్పేవాడు. నాతవరం వైపు సరుకో మాడుగుల వైపు సరుకో అతని నాలిక్కి వేరే తెలిసేది. ఆ నాలిక కదిలేదాకా వ్యాపారులు వేలం పాట మొదలుపెట్టేవారు కాదు. నాకంటే నాలుగు నెలలు చిన్న. నేను అతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. మా వైపు ఆ పిలుపుకి అదే బదులు.

మార్కెట్ కట్టేసేక రోజూ నాలుగింటికి నా షాపుకి వచ్చేవాడు. చేతులనిండా బెల్లం వాసన. కాగితం కట్టల మీద కూర్చుని, "ఏటి బావా, ఇయ్యాల ఏ పెళ్లికొడుకు పేరు సెడగొట్టేవు?" అనేవాడు. గోళ్లల్లో దాచుకొచ్చిన బెల్లం ఇంట్లో ఇస్తావా, ఇక్కడే నాకేస్తావా అని నేను అడిగేవాణ్ణి. టీ వచ్చేది. టీ అయ్యేసరికి ఇద్దరి వంశాలూ మూడు తరాల దాకా కడిగేసేవాళ్లం. బావ అంటే అదీ. మాట తూలినా జారినా తప్పుపట్టకుండా, తిరిగి అంతకంటే గట్టిది అప్పగించేవాడు. నాకు స్నేహితులు పెద్దగా లేరు. బావ ఉండగా అవసరం కలగలేదు.

రెండేళ్ల కిందట బావకి సుగర్ వచ్చింది. రిపోర్టు చూసిన డాక్టరు మీరేం పని చేస్తారని అడిగితే, "బెల్లం తింటానండి" అన్నాడట. డాక్టరు నవ్వలేదు. ఆ రోజుతో ఆ పని అయిపోయింది. మార్కెట్కి వెళ్లడం మాత్రం మానలేదు. ఒక మూల బస్తా మీద కూర్చుని వాసన చూసేవాడు. పాటకి ముందు వ్యాపారులు అలవాటుగా అతని వైపు చూసి, గుర్తొచ్చి మొహం తిప్పుకునేవారట. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు నేను వేళాకోళం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది. చేతిలో పని లేని మనిషి ఆలోచనలో పడతాడు. మా బావ చాలా లోతుకి పడ్డాడు.

ఒకరోజు టీ పక్కన పెట్టి, బిడ్డ ఏడిస్తే ఎంతమంది అమ్మలొత్తారు బావా అని అడిగేడు. ఒక్కతే అన్నాను. మరైతే ఊరి పొలిమేరకొకతి, వీధికొకతి, జబ్బుకొకతి ఇంతమంది అమ్మలేమిటి, వాళ్లకి మొగుళ్లేమిటి, అన్నదమ్ములేమిటి అన్నాడు. ఉన్న దేవుడు ఒక్కటే, ఆ దేవుడు అమ్మ. ఆవిడ పైన ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు, కింద ఉన్నది మనం. తక్కినవన్నీ మనం చీకట్లో భయపడి పెట్టుకున్న పేర్లు. అతను ఆవిడకి పెట్టిన పేరు ఒక్కమ్మ.

బొమ్మ ఉండకూడదన్నాడు, ఫొటో ఉండకూడదన్నాడు. కాని జనానికి చూసుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. పీట మీద కొత్త బెల్లం దిమ్మ ఒకటి పెట్టేడు. బెల్లమే ఎందుకంటే, అది చెమ్మకి కరుగుతుంది, చీమలు పట్టేస్తాయి, తింటే అయిపోతుంది. అలాంటిదాన్ని చూసి ఇదే అమ్మ అని ఎవడూ పొరపడడు. "దిమ్మ అమ్మ కాదు బావా. అమ్మ వండింది." బెల్లప్పిళ్లారి దగ్గర బెల్లం గిల్లి ఆయనకే నైవేద్యం పెట్టినట్టుందని నేనన్నాను. గిల్లడం ఒక్కటేగా తనకి చేతనైన పని అన్నాడు.

శుక్రవారం సాయంత్రం వాళ్ల మేడ మీద కూడేవారు. మార్కెట్లో బస్తాలు మోసే కలాసీలు, వాళ్ల ఇళ్లవాళ్లు, మాడుగుల వైపు కొండ పొలాల వాళ్లు ఒకటిరెండు కుటుంబాలు, సముద్రం వైపు నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఒకతి. మొత్తం నలభైమంది ఉంటారు. పద్ధతి చిన్నది. దిమ్మ గిల్లి పక్కవాళ్ల నోట్లో పెట్టాలి. తన చేత్తో తను తినకూడదు. నోటిదాకా వచ్చినదాన్ని కాదనకూడదు. తిన్నాక "అమ్మ పెట్టింది" అనాలి. అంతే. మా బావ మాత్రం, సుగర్ కదా, చేతికిచ్చిన ముక్కని కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేసేవాడు.

మొదటి శుక్రవారం నేను నవ్వడానికే వెళ్లేను. నా పక్కన ఒక కలాసీ కూర్చున్నాడు. గోనెలు లాగిలాగి గరుకు తేలిన వేళ్లతో అతను నా నోట్లో చిన్న ముక్క పెట్టేడు. మా అమ్మ పోయేక నాకు అలా నోట్లో పెట్టినవాళ్లు లేరు. నవ్వు ఎక్కడో ఇరుక్కుంది. అమ్మ పెట్టింది అన్నాను. ఎవరి గురించి అన్నానో నాకే తెలీలేదు.

కాబట్టి ఆ మతాన్ని నేను చిన్నచూపు చూసేనని ఎవరూ అనుకోవద్దు. చిన్నచూపు చూసింది అచ్చు వేసిన కాగితాన్ని. కొన్నాళ్లకి బావ ఒక పొడుగాటి నోటు పుస్తకం తెచ్చేడు. అందులో తొమ్మిది నియమాలు, పెన్సిలు రాత. మంచి తెలుగులో పెట్టి చిన్న పుస్తకంగా వెయ్యమన్నాడు. చీమల్ని తోలరాదు. ఇది ఒకటోది, ఎందుకంటే భక్తులకంటే ముందు వచ్చినవి అవే. నోటిదాకా వచ్చిన ముద్దని కాదనరాదు. ఇది మూడోది. ఐదోది, 'అందరూ ఒక తల్లి పిల్లలే' అని ఉంది. చప్పగా ఉందనిపించింది. రుచి చూసే మనిషి మతానికి చప్పటి నియమమా అనుకుని, టీ చల్లారేలోపల ఇలా రాసేను: 'ఒక్కతే అమ్మ, అందరం తోబుట్టువులం. ఒక్కమ్మ ఇంట బావలు లేరు, మామలు లేరు, పరాయివాళ్లు అసలే లేరు.' రెండుసార్లు పైకి చదువుకున్నాను. భలే నడిచింది. అచ్చు వేసిన కరపత్రం ఎవరు చదువుతారులే అన్నది నా ముప్పై ఏళ్ల అనుభవం. శుభలేఖలో కూడా జనం చూసేది భోజనాల టైము ఒక్కటే.

మా బావ చదివేడు. షాపులో నిలబడి, వేలు పెట్టుకుని, ఐదో నియమం దగ్గర ఆగేడు. పుస్తకం కళ్లకద్దుకున్నాడు.

"ఇది నువ్వు రాసింది కాదు. అమ్మే నీ సేత రాయించింది," అన్నాడు. తరవాత నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడూ," అన్నాడు.

నాలుగు నెలలు పెద్దవాణ్ణని గుర్తుచేసేను. మతంలోకి తను ముందు వచ్చేడు కాబట్టి తనే పెద్ద అన్నాడు. ఆ సాయంత్రమే అతని ఫోన్లో నా పేరు 'బావ' పోయి 'తమ్ముడు' అయింది. నా కళ్లముందే మార్చేడు, అదీ అక్షరాలు కనపడక నన్నే సాయం అడిగి.

తరవాత జరిగినవి చెప్పాలంటే నాకే సిగ్గు. ఒక్కమ్మవాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా అన్నలూ తమ్ముళ్లే. చేపలావిడ ఒకరోజు మేడ మీద లేచి, అన్నా అంటే ఎవడూ సేప కొనడం లేదు, మామా అంటే నవ్వుకుంటూ కొంటాడు, నన్నేటి సెయ్యమంటారు అని నిలదీసింది. మా బావ వారం ఆలోచించి, నెత్తిన గంప ఉన్నంతసేపు మామా అనొచ్చు, దించేక అనకూడదని తేల్చేడు. ఇంకో జంట వచ్చి, మరి మేమిద్దరం ఏమవుతాం అని అడిగితే నా దగ్గరికి పంపించేడు. రాయించుకున్నది అమ్మే అయినా రాసిన చెయ్యి నాదే కదా. 'మొగుడూ పెళ్లాలకి ఐదో నియమం వర్తించదు' అని చిట్టి అక్షరాలతో చీటీ వేసి ప్రతి పుస్తకంలోనూ అంటించేను. మా చెల్లెలు అది చదివి, "బతికించేవు అన్నయ్యా. లేపోతే ఇన్నాళ్లు కాపరం సేసి, ఇప్పుడు రాఖీ కట్టమనేవోరు," అంది.

నా సంగతి మాత్రం ఏ చీటీకీ లొంగలేదు. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా ఉంటుంది గాని ఆటపట్టింపు ఉండదు. బావ నాలుగింటికి వచ్చేవాడు, మానలేదు. చేతులు జోడించి, శుభం తమ్ముడూ అని కాగితం కట్టల మీద కుదురుగా కూర్చునేవాడు. ఆరోగ్యం అడిగేవాడు. నేను ఎంత గిల్లినా పసిపిల్లాణ్ణి చూసినట్టు చూసి నవ్వేవాడు. వాళ్ల తాతని అన్నాను, పలకలేదు. వాళ్ల ముత్తాత దగ్గరకి వెళ్లేను, ఆయన కూడా అమ్మ బిడ్డే అన్నాడు. అరగంట టీ పది నిమిషాల్లో అయిపోయేది. టీ కప్పులు తీసుకెళ్లే కుర్రాడు కూడా, ఏంటండీ ఇవాళ మాటల్లేవు అని అడగడం మొదలుపెట్టేడు.

అసలు దెబ్బ నా కంటి ఆపరేషనప్పుడు తగిలింది. శుక్లం తీయించుకోవడానికి ఆసుపత్రిలో పడుకున్నాను. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే బావ మంచం పక్కన నడుస్తున్నాడు. ఒకప్పటి బావ అయితే, "ఇకమీద అద్దంలో నీ మొహం నీకే తెలుత్తుంది, గుండె గట్టి సేసుకో బావా," అనేవాడు. ఈయన నా చెయ్యి పట్టుకుని, అమ్మ చూసుకుంటుంది తమ్ముడూ అన్నాడు. ఆ మెత్తదనానికి నాకు భయం వేసింది. కంటికి చేయించుకునే చిన్న ఆపరేషన్లో పోతానని నిజంగా అనిపించింది. పోలేదు. పోయినది బావ అని, కట్టు విప్పేక స్పష్టంగా కనిపించింది.

ఆ నియమం తీసేద్దామని అడిగేను. అమ్మ మాట తను ఎలా కొట్టేస్తానన్నాడు. రాసింది నేను మొర్రో అంటే, ఏం రాస్తున్నానో కలానికి తెలుస్తుందా అన్నాడు. జీవితంలో నన్ను చాలామంది చాలా అన్నారు. కలం అనడం అదే మొదలు. అప్పుడు నిర్ణయించుకున్నాను. మతం ఉంటే ఉండనీ, శుక్రవారం ఉండనీ, చీమలు కూడా ఉండనీ. నాకు మా బావ కావాలి.

దారి అతని పిల్లలే చూపించేరు. నాన్నకి అరవై నిండుతున్నాయి, షష్టిపూర్తి చేస్తామన్నారు. మా బావ ఒప్పుకున్నాడు, అమ్మ పేరు మీద, శుక్రవారం, మేడ మీద అయితేనే అన్నాడు. షష్టిపూర్తి అంటే మళ్లీ పెళ్లి కదా. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఆడకూతురు పుట్టింటి చీర కట్టుకుని గాని పీట ఎక్కదు, పుట్టింటివాడు చెయ్యి పట్టుకు తెచ్చి కూర్చోబెట్టాలి. మా అమ్మానాన్నా లేరు. ఆ పుట్టిల్లు మొత్తం నేనే.

మా ఆవిడా నేనూ వెళ్లి చీర కొన్నాం, పంచెల చాపు కొన్నాం. పళ్లెంలో సర్దాల్సినవాటిని స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేసేను. ఈ వయసులో ఇదేం అల్లరి అని మా ఆవిడ మందలించింది. మందలిస్తూనే తాళం చెవి తీసి తన పర్సులో వేసుకుంది, నా దగ్గరుంటే జాలిపడి ఇచ్చేస్తానట. పొద్దున్న రైతు బజారులో నేను విడిగా ఇంకోటి కూడా కొన్నాను. అది జేబురుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. దాని సంగతి తరవాత.

మేడ మీద షామియానా, మైకు, మధ్యలో పీట మీద బెల్లం దిమ్మ. నలభైమందీ వచ్చేరు. చుట్టాలు వచ్చేరు. నేను మెట్ల దగ్గర మగపెళ్లివారి వరసలో నిలబడి, వచ్చినవాళ్లకి దణ్ణాలు పెడుతూ, పెళ్లికొడుకు తమ్ముణ్ణండి, రండి రండి అంటున్నాను. ముహూర్తం దగ్గర పడింది. మా చెల్లెలు ఇంకా పాత చీరలోనే గది గుమ్మంలో కూర్చుని ఉంది. బావ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి బట్టలేవి తమ్ముడూ అని అడిగేడు.

"ఏ బట్టలు అన్నయ్యా? నేను మన వైపు కదా. ఆడపెళ్లివారు ఇంకా రాలేదు," అన్నాను.

"ఆడపెల్లోరెవులు?"

"అదే నేనూ చూస్తున్నాను. అందరం ఒక్క తల్లి పిల్లలం అయిపోయేం. అటు వైపు ఎవరూ మిగల్లేదు."

బావ మొహం చూసేను. కోపం రాలేదు. ఆలోచన వచ్చింది. అది కోపం కంటే మంచి సూచన. మైకు పట్టుకున్న కుర్రాడి నుంచి చేపలావిడ దాకా అందరూ ఇటే చూస్తున్నారు. బావ మా చెల్లెలి వైపు తిరిగి, ఇంట్లో ఉన్న మంచి చీర ఏదైనా కట్టుకోమని, అమ్మ ఇచ్చిందనుకోమని నచ్చజెప్పబోయేడు. మా చెల్లెలికి నేను ముందుగా ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఒక ఇంట్లో పెరిగేం.

"ఆవిడ మీకు అమ్మ," అంది, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. "మొగుడి తల్లి నాకేటవుద్ది? అత్తవుద్ది. అత్తింటి సీరలు బీరువా నిండా ఉన్నాయి. పీట ఎక్కాలంటే పుట్టింటి సీర కావాలి. పుట్టింటోణ్ణి పిలు."

చేపలావిడ ముందు నవ్వింది. తరవాత ఆడవాళ్లంతా. బావ దిమ్మ వైపు చూసేడు. దిమ్మ మీద చీమలు వాటి పని అవి చూసుకుంటున్నాయి. ఒకవేళ పిలవడేమో, చీర లేకుండానే కానిచ్చేస్తాడేమో, నా చెల్లెలి పెళ్లి నేనే చెడగొట్టినవాణ్ణవుతానేమో అనుకుంటూ తాళం చెవి కోసం మా ఆవిడ వైపు చూసేను.

"బావా," అన్నాడు.

వినపడలేదన్నాను.

బావ వెళ్లి మైకు అందుకున్నాడు. "బావా, బట్టలు తెచ్చి నా పెళ్లాన్ని పీట మీద కూకోబెట్టు," అన్నాడు వీధి చివరిదాకా వినిపించేలా. ఊరుకుంటే సరిపోయేది. అతను మా బావ, ఎలా ఊరుకుంటాడు? జనం వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "మన పుస్తకంలో ఐదో నేమంలో అచ్చుతప్పు పడ్డాది. ఏటి సెయ్యమంటారు, అచ్చేసినోడు మా బావ," అన్నాడు.

నలభైమందీ నన్ను చూసి నవ్వేరు. ఏడాదికి పైగా నేను ఎదురుచూసిన దెబ్బ అది. ఎంత హాయిగా తగిలిందంటే, తప్పు నాది కాదని చెప్పడం కూడా మరిచిపోయేను. అన్నట్టు, తప్పు నాదే.

మా ఆవిడ తాళం చెవి ఇచ్చింది. పళ్లెం వచ్చింది. కొత్త చీరలో చెల్లెల్ని చెయ్యి పట్టుకు తెచ్చి పీట మీద కూర్చోబెట్టేను. బావ పుస్తె కట్టేడు, కడుతూ నా వైపు చూసి కన్నుగీటేడు. తరవాత దిమ్మ గిల్లడం. అందరూ పక్కవాళ్లకి పెట్టుకుంటున్నారు. బావ పక్కన ఇటు చెల్లెలు, అటు నేను. ఎప్పట్లాగే అతను ముక్క కళ్లకద్దుకోబోతుంటే నేను అతని చెయ్యి ఆపేను. ఇప్పుడు ఆ జేబురుమాలు సంగతి. నిజానికి మైకులో బావా అన్నప్పుడే వదిలేద్దామనుకున్నాను. అచ్చుతప్పు అన్నాక ఇక దయ చూపడం మర్యాద కాదు.

"బెల్లం నాకు పనికిరాదని తెలుసు కదా బావా," అన్నాడు.

"నీకు పనికొచ్చేదే తెచ్చేను. నోరు తెరు. మూడో నియమం."

పచ్చి కాకరకాయ ముక్క. నా బొటనవేలంత. నోట్లో పెట్టేను. నలభైమంది ముందు ఉమ్మలేడు, కాదనలేడు. నమిలేడు. ఒక్క క్షణం మొహమంతా ముడుచుకుంది. తరవాత, బస్తాల మధ్య వ్యాపారులంతా ఎదురుచూస్తుండగా చేసినట్టే, నెమ్మదిగా కళ్లు మూసుకున్నాడు. అందరూ ఆగేరు. రెండేళ్ల తరవాత ఆ నాలిక మళ్లీ పనిలోకి దిగింది.

"నిన్న కోసిన కాయ. నీళ్లు సాలని మడి. గింజ ముదిరిపోనాది. బేరం నీకు సేతకాదు బావా," అన్నాడు. కళ్లు తెరిచేడు, అంచుల దాకా నీళ్లు. "అమ్మ పెట్టింది."

"ఆవిడ ఒక్కతే, కాదన్ను," అన్నాను. "వడ్డన మాత్రం ఒక్కటితో ఆపకూడదని మా అమ్మ చెప్పేది."

రెండో ముక్క కూడా పెట్టేను.